రోమ్‌లో రసీదు లేదు, రావెన్నాలో రాజు లేడు

ఇటలీ వెళ్లి రోమన్ సామ్రాజ్యం చూసి రావాలనుకునేవాళ్లు రోమ్‌కి ఎన్ని రాత్రులు వేసుకున్నారో అందులో సగం కోసేసి రావెన్నాకి ఇవ్వండి. కోపంతో అంటున్నానని అనిపిస్తే, నిజమే, కొంత కోపం ఉంది. రోమ్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్‌వాడి మీద కోపం. అది తీసి పక్కన పెట్టినా నా సలహా మారదు. సామ్రాజ్యం ఎంత పెద్దగా బతికిందో రోమ్‌లో కనిపిస్తుంది. ఎలా చితికిపోయిందో చూడాలంటే మాత్రం ఆడ్రియాటిక్ తీరం దగ్గరున్న ఆ చిన్న ఊరికి పోవాల్సిందే.

వెళ్లింది ముగ్గురం. నేను, మావారు, మా పెద్దనాన్న. మేం మ్యూనిక్‌లో ఉంటాం. పెద్దనాన్న పల్నాడు నుంచి వేసవికి మా దగ్గరికి వచ్చారు. ఆయన ట్రెజరీ డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యారు, కొన్నేళ్లు వినుకొండ సబ్ ట్రెజరీలో చేశారు. వినుకొండలో బ్రిటిష్‌వాళ్ల కాలంలో రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. ఆ సంగతి ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలోనే విన్నారట. "మన ఊరి దాకా వచ్చిన డబ్బమ్మా అది, ఏ ఖజానా నుంచి బయల్దేరిందో చూసి పోతాను" అన్నారు. మావారికి కొలోసియం లోపల నిలబడి ఫోటో దిగాలి. నాకు రావెన్నాలో చిన్న చిన్న రంగు ముక్కలు అతికి గోడల మీద చేసిన బొమ్మలు, అంటే మొజాయిక్‌లు చూడాలి. ముగ్గురికీ మూడు కోరికలు, ఖర్చు మాత్రం ఒక్క కార్డు మీద.

ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి ఊళ్లోకి టాక్సీకి ఫిక్స్‌డ్ రేటు ఉంది, 55 యూరోలు. బోర్డు మీద రాసి ఉంటుంది: ఆరేలియన్ గోడల లోపల ఎక్కడికైనా ఇదే రేటు. ఆ గోడ ఆరేలియన్ చక్రవర్తి క్రీ.శ. 271లో మొదలుపెట్టించింది, చుట్టుకొలత దాదాపు 19 కిలోమీటర్లు. అంతకు ముందు కొన్ని వందల ఏళ్లపాటు రోమ్‌కి కొత్త గోడ అవసరమే పడలేదు. శత్రువులు ఎక్కడో రైన్, డాన్యూబ్ నదుల అవతల ఉండేవాళ్లు. వాళ్లు ఏకంగా ఇటలీలోకే దిగడం మొదలుపెట్టాక రాజధాని భయపడి గోడ కట్టుకుంది. ఆ భయం హద్దులే ఇవాళ టాక్సీ రేటుకి హద్దులు. డ్రైవరు పెద్దమనిషి, 55 తీసుకుని రసీదు ఇచ్చి సామాను కూడా దింపాడు. రసీదు మాట గుర్తుపెట్టుకోండి.

గెస్ట్‌హౌస్ తెర్మిని స్టేషన్‌కి అవతల, కాస్త్రో ప్రెతోరియో మెట్రో దగ్గర. చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. బుకింగ్‌లో ముగ్గురికీ కలిపి రాత్రికి 112 యూరోలు, అన్నీ కలుపుకుని అని ఉంది. లిఫ్ట్ ఉంది అని కూడా ఉంది. లిఫ్ట్ ఉన్న మాట నిజమే. దాని తలుపుకి రిపేరు అని రాసిన అట్టముక్క వేలాడుతోంది, ఆ అట్టముక్క రంగు చూస్తే చాలాకాలం నుంచే వేలాడుతున్నట్టుంది. గది నాలుగో అంతస్తులో. పెద్దనాన్నకి మోకాళ్ల నొప్పులు. ఒక్కో అంతస్తుకీ ఆగి, గోడకి చెయ్యి ఆనించి, మళ్లీ ఎక్కి పైకి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. మావారు రెండు పెట్టెలూ మోసుకొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నారు.

పైన ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటూనే మా పాస్‌పోర్టులు తీసుకుని లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. ఎనిమిది దాటాక వచ్చారు కాబట్టి లేట్ చెక్-ఇన్ 30 యూరోలు. దుప్పట్లు, తువ్వాళ్లకి తలకి 8. ఏసీ రిమోట్ కావాలంటే రోజుకి 5. నగర పన్ను తలకి రాత్రికి 10. మొత్తం క్యాష్‌లోనే ఇవ్వాలి, కార్డు మిషన్ పనిచేయడం లేదు. ఆ ఇంట్లో పనిచేసేది అతని నోరొక్కటే అని నాకు అప్పుడే అర్థమైంది.

నేను గొడవకి దిగబోతుంటే పెద్దనాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. "పన్ను అంటున్నాడుగా, రసీదు ఇవ్వమను. పన్నుకి రసీదు లేకపోవడం ఏమిటి?" అన్నారు. అడిగాను. సిస్టమ్ డౌన్ అన్నాడు. పెద్దనాన్న బ్యాగులోంచి తెల్లకాగితం తీశారు. కళ్లజోడు పెట్టుకుని, మార్జిన్ గీసి, ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. తేదీ, గెస్ట్‌హౌస్ పేరు, చిరునామా, మా పేర్లు. కింద ఒక్కో పద్దూ విడివిడిగా: నగర పన్ను ఇంత, దుప్పట్లు ఇంత, రిమోట్ ఇంత. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, చివర "మాత్రమే". దాని కింద సంతకానికి గీత. ఇదంతా కావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఎవరూ మాట్లాడలేదు. కాగితం అతని ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చి, "సైన్ ప్లీజ్" అన్నారు.

కుర్రాడు సంతకం పెట్టలేదు. లోపలికి వెళ్లి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. వచ్చాక పన్ను 10 నుంచి 6కి దిగింది. రోమ్‌లో ఇలాంటి గెస్ట్‌హౌస్‌లకి ఉన్న అసలు రేటు అదే. తలకి 10 అనేది ఐదు నక్షత్రాల హోటళ్ల లెక్క. దుప్పట్ల డబ్బు అసలు ఎత్తనే లేదు. రిమోట్ ఊరికే ఇచ్చాడు. లేట్ చెక్-ఇన్ 30 మాత్రం వదల్లేదు, దానికి రసీదూ ఇవ్వలేదు. బ్రేక్‌ఫాస్ట్ అంటే ప్లాస్టిక్ కవరులో క్రోసాంట్, కాఫీ మిషన్‌లో వేసుకోవడానికి ఒక టోకెన్. రోమ్ వెళ్లేవాళ్లకి చెప్పేది ఇదే: నగర పన్ను రేటు బస రకాన్ని బట్టి మారుతుంది, మునిసిపాలిటీ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి, రసీదు లేకుండా ఒక్క యూరో కూడా ఇవ్వకండి. రసీదు ఇవ్వకపోతే ఒక తెల్లకాగితం తీయండి చాలు.

మా గది కిటికీలోంచి ఒక పాత ఇటుక గోడ కనిపించేది. ప్రిటోరియన్ గార్డులు, అంటే చక్రవర్తి అంగరక్షకుల దండు, ఉండిన శిబిరం గోడ అది. 193లో వాళ్లే చక్రవర్తి పెర్టినాక్స్‌ని చంపేసి, ఈ శిబిరం దగ్గరే సింహాసనాన్ని వేలం వేశారు. లోపల నుంచి పెర్టినాక్స్ మామగారు పాడుతున్నాడు, బయట నుంచి డిడియస్ జూలియానస్ అనే కోటీశ్వరుడు పాడుతున్నాడు. మామగారు ఒక్కో సైనికుడికి రోమన్ నాణేల్లో 20,000 సెస్టర్షియస్‌లు అన్నాడు. జూలియానస్ ఒక్కసారిగా 25,000 అన్నాడు, పాట ఆయనకే కొట్టేశారు. ఏలింది 66 రోజులు. ఆ తర్వాత ఆయన్నీ చంపేశారు. ఇది చదివి వినిపిస్తే పెద్దనాన్న ఆ గోడని చాలాసేపు చూసి, "పాట పాడినవాడికి రసీదు ఇచ్చారంటావా?" అన్నారు. అప్పుడు నవ్వారు మావారు, మొదటిసారి.

కొలోసియం గురించి ఎక్కువ రాయను. లోపలికి టికెట్ దొరకలేదు. అధికారిక సైట్‌లో 18 యూరోల టికెట్లు నెల ముందు పెడతారు, పెట్టిన కాసేపటికే అయిపోతాయి. ఏజెంట్లు బాట్‌లతో టికెట్లు ఊడ్చేస్తున్నారన్న కేసులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025లో దాదాపు 2 కోట్ల యూరోల జరిమానాలు వేసింది. అయినా మెట్రో బయట కాలు పెట్టగానే చేతిలో కాగితాలతో మనుషులు చుట్టుముట్టారు. ఒకడు తలకి 59 అడిగాడు, "క్యూ లేదు" అని. సెక్యూరిటీ క్యూ అందరికీ ఉంటుంది, నమ్మకండి. టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టు చూస్తారు. కొనొద్దని నేను, కొందామని మావారు. చివరికి బయట నుంచే చూశాం. ఆయన మూడ్ రావెన్నా దాకా బాగుపడలేదు.

బదులుగా పాత రోమ్ నడిబొడ్డైన ఫోరమ్, పక్కనున్న పాలటైన్ కొండకి మాత్రమే ఉన్న టికెట్ తీసుకున్నాం, తలకి 18. పెద్దవాళ్లకి రాయితీ లేదు. సీనియర్ సిటిజన్ అని పెద్దనాన్న తన ఆధార్ కార్డు కూడా చూపించారు. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని మర్యాదగా చూసి మర్యాదగానే వెనక్కి ఇచ్చింది. మధ్యాహ్నం మాత్రం ఫోరమ్‌లోకి దిగకండి, నీడ ఉండదు. ఉదయం తెరవగానే వెళ్లండి.

ఫోరమ్‌లో అందరూ టైటస్ కమాను దగ్గర గుమికూడతారు. 70లో జెరూసలేం కొల్లగొట్టి ఏడు కొమ్మల దీపస్తంభాన్ని మోసుకొస్తున్న శిల్పం దాని లోపలి గోడ మీద ఉంది. అది గెలుపు. ఓటమి కూడా చూడాలంటే రెండో చివరికి నడవండి. అక్కడ 203లో కట్టిన సెప్టిమియస్ సెవెరస్ కమాను ఉంది. దాని మీది శాసనంలో ఒక వరుస దగ్గర రాయి కొంచెం లోతుగా చెక్కినట్టు ఉంటుంది. అక్కడ చిన్న కొడుకు గేటా పేరుండేది. తండ్రి పోయాక, 211లో అన్న కరకల్లా తమ్ముణ్ని చంపించి, పేరు ఎక్కడున్నా చెరిపించేశాడు. సైనికులకి డబ్బు పెట్టండి, మిగతా వాళ్లని లెక్కచేయకండి అని సెవెరస్ పోతూ పోతూ కొడుకులకి చెప్పాడంటాడు చరిత్రకారుడు కాసియస్ డియో. మరుసటి ఏడాదే, 212లో, కరకల్లా సామ్రాజ్యంలో బానిసలు కాని స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చేశాడు. ఉదారత అనుకునేరు. పౌరులైతేనే వారసత్వ పన్ను కడతారు, అందుకే ఇచ్చాడని డియో తేల్చేశాడు. "అదీ సంగతి" అన్నారు పెద్దనాన్న, ఎవరో తెలిసినవాడి గురించి విన్నట్టు.

దానికి దగ్గరలోనే ఒంటరిగా నిలబడ్డ స్తంభం ఒకటుంది, ఫోకాస్ స్తంభం. 608లో నిలబెట్టారు. ఫోరమ్‌లో నిలబెట్టిన ఆఖరి స్మారకం అదే. స్తంభం కూడా కొత్తగా చెక్కింది కాదు, పాతది తెచ్చి పెట్టారు. ఫోకాస్ ఎవరయ్యా అంటే, తూర్పు రోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో తన చక్రవర్తిని చంపి గద్దెనెక్కిన సైనికాధికారి. వెయ్యేళ్ల పైగా విజయాలు చాటిన చోట ఆఖరుగా నిలిచిన పేరు అది. మేం ఉన్నంతసేపూ దాని ముందు ఒక్కరు కూడా ఫోటో దిగలేదు.

పెద్దనాన్నకి రోమ్‌లో నచ్చినవి రెండే. మొదటిది మంచినీళ్లు. వీధి వీధికీ చల్లటి నీళ్ల కుళాయిలున్నాయి, ఊరికే తాగొచ్చు. ట్రేవీ ఫౌంటెన్‌కి నీళ్లు తెచ్చే కాలువ క్రీ.పూ. 19లో అగ్రిప్పా అనే సేనాని కట్టించిందే, మధ్యలో పాడైనా మళ్లీ మళ్లీ బాగుచేసుకుంటూ వచ్చారు. రెండోది తెర్మిని ఎదురుగా ఉన్న పలాత్సో మాస్సిమో మ్యూజియం కింది అంతస్తు. అక్కడ నాణేల గది ఉంది, అప్పుడప్పుడూ మూసి ఉంచుతారట, టికెట్ కొనేముందే అడగండి. మొదటి చక్రవర్తి అగస్టస్ కాలంలో దినారియస్ అనే రోమన్ నాణెం అంటే దాదాపు స్వచ్ఛమైన వెండి. నీరో కొంచెం తగ్గించాడు. సెవెరస్ నాటికి వెండి సగానికి వచ్చింది. 260ల చివరికి వచ్చేసరికి రాగి మీద వెండి పూత. అప్పటికే, 260లో, వలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్ చేతికి బందీగా చిక్కాడు. 235 నుంచి 284 దాకా గద్దె ఎక్కినవాళ్లలో మంచంమీద పోయినవాళ్లు అరుదు. 301లో డయోక్లీషియన్ వస్తువులకి, కూలికి గరిష్ఠ ధరలు కట్టి, అంతకన్నా ఎక్కువకి అమ్మితే మరణశిక్ష అన్నాడు. ధరలు ఆగలేదు, సరుకే మాయమైంది. పెద్దనాన్న భూతద్దం ముందు గంటసేపు నిలబడ్డారు, మోకాళ్లు గుర్తురాలేదు. "యుద్ధాలు తర్వాత చదువుకోవచ్చమ్మా. ముందు నాణెం చూస్తే చాలు, ఆ గవర్నమెంటు జీతాలు ఎట్లా ఇస్తోందో చెప్పేయొచ్చు."

ఆ రాత్రి మిరియాలు, చీజ్ వేసిన పాస్తా తిన్నాం, ప్లేటు 13 యూరోలు, బాగుంది. మిరియాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 408లో గోతులు అనే జర్మానిక్ తెగవాళ్ల రాజు అలారిక్ రోమ్‌ని చుట్టుముట్టి, వదలాలంటే 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, పట్టు అంగీలు, వాటితోపాటు 3,000 పౌన్ల మిరియాలు కావాలన్నాడు. ఆ మిరియాలు మన దేశం నుంచి వెళ్లినవే. భారతదేశం ఏటా మా దగ్గర 5 కోట్ల సెస్టర్షియస్‌లు గుంజుకుపోతోందని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఇది విన్నాక పెద్దనాన్న ప్లేటులో మిరియం గింజ ఒక్కటి మిగల్చలేదు.

రోమ్ నుంచి బొలోన్యాకి స్పీడు రైలు, ముందే కొంటే తలకి 29.90. అక్కడి నుంచి రావెన్నాకి పాసింజరు రైలు, గంటంపావు. ప్రయాణం బాగా జరిగింది, రాయడానికేం లేదు.

రావెన్నాలో దిగింది రిటైరైన భార్యాభర్తలు నడిపే ఇంట్లో. ముగ్గురికి రాత్రికి 84 యూరోలు, ఇంట్లో చేసిన కేకుతో సహా. లిఫ్ట్ లేదు, లేదని ముందే రాశారు, పెద్దాయన ఉన్నారని చెప్పగానే కింది గది ఇచ్చారు. నగర పన్నుకి అడక్కుండానే రసీదు వచ్చింది. పెద్దనాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంత చిన్న ఊరు రాజధాని ఎలా అయిందని మావారి ప్రశ్న. భయంతోనే. 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యపు చక్రవర్తి హొనోరియస్, అలారిక్ తన దర్బారున్న మిలాన్ దాకా వచ్చేసరికి దర్బారుని ఇక్కడికి మార్చాడు. చుట్టూ బురద, చిత్తడి నేలలు, వెనక సముద్రం. గుర్రాల సైన్యం రాలేదు, తాను మాత్రం పడవెక్కి పారిపోవచ్చు. చక్రవర్తి క్షేమంగా ఉన్నాడు, 410 ఆగస్టులో రోమ్ మాత్రం మూడు రోజులు దోపిడీకి గురైంది. రోమ్ పోయిందని చెబితే హొనోరియస్ గుండెలు బాదుకుని, ఇప్పుడే కదా నా చేతిలో గింజలు తింది అన్నాడట. ఆయన పెంచుకునే కోడి పేరు కూడా రోమా. కోడి కాదు ప్రభూ, ఊరు అన్నాక ఊపిరి పీల్చుకున్నాడట. చరిత్రకారుడు ప్రొకోపియస్ ఇది రాసింది నూరేళ్ల పైన గడిచాక, కాబట్టి కట్టుకథే కావచ్చు. కానీ ఒక చక్రవర్తి గురించి జనం ఇలాంటి కథ నమ్మారంటే చాలదా?

అదే దోపిడీలో గోతులు పట్టుకుపోయినవాళ్లలో హొనోరియస్ సవతి చెల్లెలు గాల్లా ప్లాసిడియా ఉంది. 414లో అలారిక్ వారసుడు అతావుల్ఫ్ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడాది అతన్ని చంపేశారు. ఆ తర్వాత 6,00,000 కొలతల ధాన్యం పుచ్చుకుని గోతులు ఆమెను తిరిగి పంపారు. ఆకలితో ఉన్న సైన్యానికి బంగారం కన్నా ధాన్యమే కావాల్సి వచ్చింది. అన్న బలవంతాన ఒక సేనాపతిని కట్టుకుంది, అతనూ పోయాడు. 425 నుంచి పుష్కరకాలం చిన్న కొడుకు పేర పశ్చిమ సామ్రాజ్యాన్ని నడిపింది. ఆమె పేరుతో పిలిచే సమాధి మందిరం ఇక్కడుంది, ఆమెను పూడ్చింది మాత్రం ఇక్కడ కాదంటారు. బయట నుంచి చూస్తే మామూలు ఇటుకల గది. లోపలికి బ్యాచులుగా పంపిస్తారు, ఐదు నిమిషాలే. కిటికీలకి అద్దాల బదులు పల్చటి అలబాస్టర్ రాయి, తేనెరంగు వెలుతురు వస్తుంది. కళ్లు అలవాటుపడ్డాక తలెత్తితే ముదురు నీలం ఆకాశం, నిండా బంగారు నక్షత్రాలు. నేను ఇంకోసారి బయటికెళ్లి మళ్లీ క్యూలో నిలబడ్డాను. టికెట్ పరీక్షించే ఆవిడ చూసి, రద్దీ లేదులే అని లోపలికి పంపేసింది. రోమ్‌లో ఈ పని జరుగుతుందా?

పక్కనే సాన్ విటాలే చర్చి, 547లో ప్రతిష్ఠ. గోడ మీద తూర్పు సామ్రాజ్యపు చక్రవర్తి జస్టీనియన్, ఎదురుగా మహారాణి థియోడోరా, పరివారంతో సహా. ఇద్దరూ రావెన్నాలో అడుగు పెట్టినవాళ్లు కాదు. 540లో ఆయన సేనాపతి బెలిసారియస్ గోతుల చేతిలోంచి ఊరిని పట్టుకున్నాక కాన్‌స్టాంటినోపుల్ నుంచి పాలన నడిచింది. "మా ఆఫీసు గోడ మీద ముఖ్యమంత్రి ఫోటో లాగా" అన్నారు పెద్దనాన్న. జస్టీనియన్ కళ్లు ఎటు నిలబడినా మననే చూస్తాయి. ఇటలీని తిరిగి గెలవడానికి ఆయన చేసిన యుద్ధం 535 నుంచి 554 దాకా సాగింది. దాని మధ్యలో, 537లో, గోతులు రోమ్‌కి నీళ్లు తెచ్చే కాలువలన్నీ తెంచేశారు. పది లక్షల మంది బతికారని చెప్పే ఊళ్లో ఆ యుద్ధం అయ్యేసరికి కొన్ని వేల మంది మిగిలారు. 568లో లాంబార్డులు అనే ఇంకో తెగవాళ్లు వచ్చి, గెలుచుకున్న దాంట్లో చాలా భాగం లాగేసుకున్నారు.

నేను ఈ యాత్ర అంతా రాయడానికి కారణం మాత్రం సాంట్ అపోలినారె నువోవొ అనే చర్చిలోని ఒక గోడ. దీన్ని కట్టించింది గోతుల రాజు థియోడోరిక్. 476లో ఈ ఊళ్లోనే ఒడోఆసర్ అనే సేనాని, రోములస్ అగస్టులస్ అనే కుర్ర చక్రవర్తిని దించేశాడు. పశ్చిమాన సామ్రాజ్యం ఆగిపోయిందని పుస్తకాల్లో చదివే ఏడాది అదే. చంపలేదు, కుర్రాడని జాలిపడి, ఏటా 6,000 బంగారు నాణేలు ఏర్పాటు చేసి కంపానియాకి పంపేశాడు. ("పెన్షన్ మీద పంపాడన్నమాట!" అని పెద్దనాన్న ఎంతో సంతోషించారు.) 493లో థియోడోరిక్ ఆ ఒడోఆసర్‌ని విందుకి పిలిచి తన చేత్తోనే నరికేశాడు. ఆపైన ముప్పై ఏళ్ల పైచిలుకు, పాత రోమన్ అధికారుల్నే పెట్టుకుని, బాగానే ఏలాడు.

చర్చిలో కుడివైపు గోడ మీద ఆయన రాజభవనం మొజాయిక్ ఉంది. పైన పలాషియమ్ అని రాసి ఉంటుంది. స్తంభాల మధ్య తెల్లటి తెరలు కట్టి ఉన్నాయి. దాని ముందు జనం ఒక నిమిషం నిలబడి వెళ్లిపోతున్నారు. మీరు వెళ్లకండి. స్తంభాలని చూడండి. అక్కడక్కడా స్తంభం మీద ఒక చెయ్యి ఉంటుంది. ఒక్క చెయ్యే. మనిషి ఉండడు. మొదట ఆ తెరల చోట రాజు, దర్బారువాళ్లు నిలబడి ఉండేవారు. జస్టీనియన్ మనుషులు ఊరు పట్టుకున్నాక, కొన్నేళ్లకి ఈ చర్చిని తమ క్రైస్తవ శాఖకి మార్చుకుని, గోతుల బొమ్మలు పెరికేసి ఆ ఖాళీల్లో తెరలు అతికించారు. స్తంభాల మీదికి వచ్చిన చేతుల్ని మాత్రం తీయలేదు. తీస్తే స్తంభం పాడవుతుందనుకున్నారేమో, బద్ధకించారేమో. మావారు మొదటి చెయ్యి కనిపెట్టారు. తర్వాత ముగ్గురం పోటీపడి వెతికాం, ఫోన్ జూమ్ చేసి చూశాం, వాదించుకున్నాం. కొలోసియం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. గేటా పేరు చెరిపిన చోట గుంట కనిపించింది కానీ మనిషి కనిపించలేదు నాకు. ఇక్కడ చేతులు కనిపించాయి.

ముఖ్యమైన ఐదు చోట్లకీ కలిపి ఒకే టికెట్, తలకి 15 యూరోల లోపే అయింది. గాల్లా ప్లాసిడియాకి టైము స్లాటు ముందే పెట్టుకోవాలి. థియోడోరిక్ సమాధికి విడి టికెట్, ఊరి బయట పావుగంట నడక. దాని పైకప్పు అంతా ఒకే రాయి, పది మీటర్ల అడ్డం ఉంటుంది, ఆడ్రియాటిక్ అవతలి ఒడ్డున ఉన్న ఇస్ట్రియా నుంచి సముద్రం మీద తెచ్చారు. లోపల ఎర్రరాతి తొట్టె ఒకటుంది, ఖాళీ.

తిండి గురించి శాకాహారులకి ఒక హెచ్చరిక. ఇక్కడ వీధి చివర చారల గుడారాల లాంటి చిన్న కొట్లలో పియదీనా అని పల్చటి రొట్టె కాల్చి, లోపల మెత్తటి చీజ్, ఆకుకూర పెట్టి ఇస్తారు. చూడగానే శాకాహారమే అనిపిస్తుంది. పిండిలో పంది కొవ్వు కలుపుతారు! మాకు చెప్పింది ఆ కొట్టావిడే. మా పెద్దనాన్న మాంసం తినరని సైగలతో చెబితే, చేతిలో రొట్టె పక్కన పెట్టేసి, ఆలివ్ నూనెతో చేసిన పిండి ముద్ద వేరే డబ్బాలోంచి తీసింది. పెనం కూడా తుడిచింది. రొట్టె 5.50. పెద్దనాన్న రెండు తిని, బ్యాగులోంచి కారప్పొడి తీసి మూడోదాని మీద చల్లుకున్నారు. ఆవిడ రుచి చూస్తానని వేలితో తీసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, మా చివరి రొట్టెకి డబ్బు తీసుకోలేదు. మీరు వెళ్తే ముందే "స్త్రుత్తో (అంటే పంది కొవ్వు) లేకుండా" అని అడగండి. లేకపోతే అమ్మేవాళ్లు చెప్పకపోవచ్చు.

చివరి సాయంత్రం క్లాస్సె వెళ్లాం, ఊరి నుంచి 4వ నంబరు బస్సు. అగస్టస్ తన నౌకాదళానికి ఇక్కడ రేవు కట్టించాడు, 250 ఓడలు పట్టేదంటారు. ఇప్పుడు సముద్రం కిలోమీటర్ల అవతలికి జరిగిపోయింది. రేవు పోయి పొలాలొచ్చాయి. మధ్యలో 549 నాటి పెద్ద చర్చి ఒక్కటే ఉంది, లోపల పచ్చటి గడ్డి, గొర్రెల మొజాయిక్. హొనోరియస్‌ని కాపాడిన చిత్తడి ఇంకా పూర్తిగా ఎండలేదు, దోమలు చీకటి పడకముందే మొదలవుతాయి, ఒడోమాస్ లాంటిదేదైనా పట్టుకెళ్లండి. ఆదివారం బస్సులు తక్కువ. స్టాపు దగ్గర ఎదురుచూసే బదులు క్లాస్సె స్టేషన్‌కి నడిచి రైలెక్కితే ఐదారు నిమిషాల్లో రావెన్నాలో దిగుతారు, మేం అలాగే వచ్చేశాం.